గుళ్ళు, బద్ద, నూక

"ఎంతవుతాది?" అన్నాడాయన
కుర్చీలో పూర్తిగా కూర్చోకుండానే.
కాశీబుగ్గ బస్టాండు వెనక, మేడ మీద నా గది.
కింద అట్ల కొట్టు,
పైన నేను, ఒక ఫ్యాను, కట్టిన కాన్వాసులు మూడు.

బల్ల మీద ఫొటో పెట్టాడు.
ఎనభై ఏడు నాటి పెళ్ళి గుంపులోంచి కత్తిరించింది,
పక్కన ఎవరిదో భుజం మిగిలిపోయింది.
"మా నాన్నగారు. ఫేక్టరీ ఆఫీసులో పెట్టాల.
మూడడుగులు, రంగుల్లో.
ముక్కు పక్కన ఆ పులిపిరి తీసెయ్,
సిల్కు లాల్చీ వెయ్.
ఇరవయ్యో తేదీకి సంవత్సరీకం."

తొమ్మిది వేలండి, అన్నాను.
నా గొంతు నాకే
అప్పు అడుగుతున్నట్టు వినిపించింది.

ఎప్పుడూ ఇంతే.
అంకె చెప్పి ఊరుకోవడం రాదు నాకు.
గొడుగు మరిచిపోయిన చుట్టం వెనక పరిగెత్తినట్టు
దాని వెనకే పరిగెడతాను:
రంగులు విశాఖ నుంచి రావాలండి,
గుడ్డ ఖరీదండి, ఫ్రేము వేరేనండి,
మీరు తెలిసినవాళ్ళు గనక...
ఆ "గనక" దగ్గర
నిరుడు పదిహేను వందలు పోయాయి.
అంతకు ముందేడు
ఒక వినాయకుడు మొత్తం పోయాడు, ఎలకతో సహా.

"తొమ్మిదా!" నవ్వాడు వాసుదేవరావుగారు.
"మా మేనల్లుడు సెల్లులో నొక్కితే
నిమిషంలో వచ్చేసింది బొమ్మ.
రెండు పూటల పనికి తొమ్మిదేటమ్మా?
పోనీ, మీసం లేకుండా వేస్తే తగ్గుతాదా?"

నవ్వొచ్చింది. నవ్వితే బేరం పోతుంది.
కిటికీలోకి చూశాను.
రైలుకట్ట అవతల ఆయన ఫేక్టరీ గొట్టం.
దాని పొగ కింద మా అమ్మ దాలమ్మ
పందొమ్మిదేళ్ళు జీడిపిక్క కొట్టింది.
ఆయనకు తెలీదు, నేనూ చెప్పలేదు.
జీడి తినేసిన ఆ వేళ్ళని
ఆధార్ మిషను మూడుసార్లు "లేవు" అంది.
రాత్రి అన్నం కలుపుతూ చెప్పేది లెక్క:
గుళ్ళదో ధర, బద్దదో ధర,
ముక్కదో ధర, నూకదో ధర.
గుండు విరిగితే ఆ పూట కూలి విరిగినట్టే.
"పొట్టు కూడా ఊరికే పారబొయ్యడే సేటు, అమ్ముకుంటాడు.
నువ్వేటే, కళ్ళు ఊరికే ఇచ్చేస్తన్నావు?"

"బాబుగారూ, మీ దగ్గర గుళ్ళు కిలో ఎంతండి?"
చెప్పాడు. గర్వంగానే చెప్పాడు.
"బద్ద ధరకి ఇస్తారా?"
ఆగాడు.
"మీసం లేని నాన్నగారు బద్దండి, ఐదు వేలు.
ఉత్త పెన్సిలు గీత నూక, రెండు వేలు.
తొమ్మిదికి గుండు.
సగం ముందు. మార్పులు రెండుసార్లే."

ఈసారి పరిగెత్తలేదు.
నోరు మూసుకుని కుంచె కడిగాను.
కడిగిన కుంచెనే మళ్ళీ కడిగాను.
కింద పెనం మీద అట్టు తిరగబడింది.
ఆ చప్పుడు అంత పెద్దదని
ఏడేళ్ళుగా ఈ గదిలో ఉండీ తెలీలేదు.

ఆయన ఫొటో చేతిలోకి తీసుకున్నాడు.
చాలాసేపు చూశాడు.
బొటనవేలు పులిపిరి మీద ఆగింది.
"దీన్ని నొక్కితే హారను," అన్నాడు నాతో కాదు.
"నొక్కితే గానీ
ఆయన భుజాల మీద కారు బయల్దేరేది కాదు."
తరవాత దగ్గాడు.
"పులిపిరి ఉండనీ.
ఎనిమిదిన్నర చేసుకో."

నేను కుంచె దులిపాను.

నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.
మెట్లు దిగాక మళ్ళీ లెక్కపెట్టాను:
నాలుగు వేల ఐదొందలు.
అది తొమ్మిదిలో సగం.

ఇంటికెళ్ళి అమ్మ ఒళ్ళో పోశాను.
నోటు నోటూ వేళ్ళతో తడిమింది,
గీతలు లేని ఆ వేళ్ళకి ఏం తెలుస్తుందో.
"బేరం ఆడకుండా ఒప్పీసుకున్నాడా?"
"ఆడాడు, కొంచెం."
"కొంచెమేనా?
అయితే తక్కువ సెప్పీసినావే గుంటా."

దీపం ఆర్పి పడుకుంది.
నాకు నిద్ర పట్టలేదు.
పన్నెండు అనుంటే
ఏమనేవాడో.