లేని బల్ల

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
నలభై రోజులు వెళ్లాను.
అరవై రెండు ప్రశ్నల ఫారం, ఒక స్టాప్‌వాచీ, రెండు మాస్కులు.
కాయకి ముచ్చిక తీయడానికి ఎన్ని సెకన్లు,
పూటకి ఎన్ని కిలోలు,
గంటకి ఎన్నిసార్లు మోచేత్తో కళ్లు తుడుచుకుంటారు
(తేజా రకానికి ఎక్కువ, తాలుకాయకి తక్కువ).
చేతిమంటకి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు.
సువార్తమ్మ ఐదే వేయమంది.
వేశాక, "ఆరు లేదా?" అని అడిగింది.

నూట పన్నెండు మంది.
పేర్లు దాచాను, అంకెలు దాచలేదు.
నా లెక్కను గుంటూరులో ఎవరైనా
మళ్లీ కూడుకోవచ్చు, అదే వస్తుంది.

నలభై ఒకటో రోజు నాగూర్ వలి వచ్చాడు,
బ్రాడీపేట నుంచి, బండి వెనక
ఫ్రిజ్ అట్టపెట్టె కోసి చేసిన బల్ల కట్టుకుని.
డిజైన్ చదువు, ఆఖరు ఏడాది.
బల్లకి మూడు కాళ్లు. నాలుగోది దారిలో పోయింది.

"పనిచేస్తుందా?"
"చేయదండీ."
"ఎంతమందిని అడిగి చేశావు?"
"ఇంకా అడగలేదు. అడగడానికే చేశాను."

నాకు మండింది. కాయల వల్ల కాదు.
లేనిదాన్ని తెచ్చి మధ్యలో పెట్టి
ఏమనిపిస్తోంది అంటే, అదేం పరిశోధన?
మా డిపార్ట్‌మెంటులో అయితే
వైవా గదిలోంచి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేస్తారు.

సువార్తమ్మ బల్ల ముందు కూర్చుంది.
కాయలు పోసింది. బల్ల ఓ పక్కకి ఒరిగింది.
అందరూ నవ్వారు, నవ్వుతూ దగ్గారు.
ఆమె మాత్రం బల్ల కింద
రెండు కాళ్లూ బారచాపి
ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు.

"ఇరవై రెండేళ్లయింది బాబూ
పనిలో కాళ్లు చాపి."

ఫారం తిరగేశాను.
చేతులున్నాయి, కళ్లున్నాయి, ఊపిరి ఉంది.
మోకాళ్లు లేవు.

అప్పుడు మస్తాన్ బీ లేచి
నడుమ చిల్లు పెట్టమంది, ముచ్చికలు జారిపోవాలట.
ఇంకొకామె గోడ వైపు వద్దంది,
ఎదురెదురుగా కూర్చుంటే కబుర్లకి వీలని.
వలి కత్తి తీసి అక్కడికక్కడే కోస్తున్నాడు,
బల్ల రూపం చెడిపోతోంది, వాడి మొహం వెలుగుతోంది.

మూలనుంచి కోటేశ్వరి, తల ఎత్తకుండా:
"బల్ల వచ్చిందనుకో,
పని తేలికైందిగా అని మేస్త్రీ
కిలోకి రూపాయి కోస్తాడు.
ఆ చిల్లు ఎక్కడ పెడతావో చెప్పు ముందు."

వలి కత్తి ఆగింది.
నా పెన్నూ ఆగింది.
ఇంకా రాని బల్లకి
ఇంకా తగ్గని కూలి.
ఇది ఏ గడిలో రాయను?
జరిగింది కాదు, అబద్ధం కాదు.
నలభై రోజులు నేను అడిగినా రాని మాట
మూడు కాళ్ల అట్టముక్కకి చెప్పింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర వలి అడిగాడు:
"అక్కా, కూర్చున్నప్పుడు మోకాలు
నేల నుంచి ఎంత ఎత్తు? మీ దగ్గర ఉంటుందిగా."
లేదన్నాను. రేపు కొలుస్తానన్నాను.
నూట పన్నెండు మందికీ కొలవాలి,
వాడు ఒక్కరిదే చాలంటాడు, నేను ఒప్పుకోను.
టీ చల్లారేదాకా అదే గొడవ.

మర్నాటికి అట్టబల్ల లేదు.
రాత్రి వాచ్‌మన్ దాన్ని పరుచుకుని పడుకున్నాడట.
అయినా సువార్తమ్మ అదే చోట
ముందు ఏమీ లేకుండానే
కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది,
కాయలు అందక, వంగి వంగి తీసుకుంటూ.

టేపు తీసి ఆమె మోకాలి దగ్గర పెట్టాను.
ఆ పూట కూడా కంటి తుడుపులు లెక్కపెట్టాను.
నావి కలపలేదు.