ఆరు వోల్టులు

గాలివాన వెళ్ళి పదకొండో రోజు.
లంకలో స్తంభాలింకా బోర్లా పడుకునే ఉన్నాయి.
తెగిన తీగల మీద
ఎవరో లుంగీలారేసుకున్నారు.
రేవు కొట్టులో కొవ్వొత్తి ధర
అడిగినవాళ్ళ మొహాన్ని బట్టి.

మా పిన్ని మార్తమ్మ
కుట్టుమిషను తలకాయ విప్పి మంచం మీద పడుకోబెట్టింది.
బాబాయి సైకిలు వరదకి పోయింది గానీ
దాని డైనమో, ఎప్పుడో పాడైందని విప్పేసింది,
చూరులో బతికిపోయింది.
కొబ్బరితాడుతో దాన్ని బల్లకి కట్టి
పెద్దచక్రం బెల్టు తెచ్చి దాని మెడకేసింది.
రాగితీగ కొసలు పళ్ళతో గీకింది.
ఉసిరికాయంత బల్బు,
వెనక చిన్న స్టీలు పళ్ళెం.

"తొక్కరా" అంది.
నాకు తొమ్మిదేళ్ళు. కాళ్ళు అందీ అందక.
ముందు ఎర్రగా ఓ వెంట్రుక.
తర్వాత పసుపు.
తర్వాత, అయ్యబాబోయ్,
గోడ మీద మా ఇద్దరి నీడలు!

ఆపితే చీకటి. అంతే.
రేపటికని కాస్త మిగుల్చుకోడానికుండదు.
కరెంటంటే నెలకోసారి బిల్లనుకున్నాను,
పిక్కల్లో పుడుతుందని అప్పుడు తెలిసింది.

రాత్రి ఎనిమిదింటికి
పిన్నింటి గంగరాజుని జెట్టీలా మోసుకొచ్చారు నలుగురు.
ఎగిరొచ్చిన రేకు అరికాలు కోసేసింది.
పడవల్లేక మా లంకలోనే ఉండిపోయిన
నర్సు దయామణిగారు సూది తీశారు.
టార్చిలైటు అప్పటికే చచ్చింది.
"వణక్కుండా ఉండాలండీ వెలుతురు" అన్నారావిడ.

పిన్ని నన్ను దింపేసి తను కూర్చుంది.
ఇరవయ్యేళ్ళు జాకెట్లు కుట్టిన పాదాలు,
హెచ్చవు, తగ్గవు.
ఆ రాత్రి ఆ మిషనుకి సూది లేదు, దారం లేదు.
అవి రెండూ ఆవిడ చేతిలో ఉన్నాయి.
గంగరాజు "ఆపండి బాబోయ్" అని ఒకటే కేకలు.
సూదినో, పెడలునో, ఎవర్నాపమన్నాడో గానీ
ఇద్దరూ ఆపలేదు.

పంతొమ్మిదో రోజు లైను లాగారు.
ఫ్యాను తిరిగితే ఊరంతా ఈలలు.
పిన్ని మాత్రం తలకాయ బిగించుకుని
బాకీపడ్డ జాకెట్ల మీద పడింది.

గంగరాజు ఇప్పటికీ
టీకొట్టు బల్ల మీద కాలు పెట్టి మరీ చూపిస్తాడు:
ఎనిమిది కుట్లు, వరసగా, కొలిచి వేసినట్టు.
అయిదోది ఒక్కటే వంకర.

అక్కడ పిన్నికి తుమ్మొచ్చింది.