ఎర్ర మంచు కరకర

మెరిడా ఊళ్లో మే నెల.
మధ్యాహ్నం మూడింటికి గోడలకి కూడా చెమట పట్టి
సున్నం పొలుసులు రాలుతున్నాయి.
సుయెమి నిన్న రాత్రే మొదలుపెట్టింది.
హమాయికా ఎండు పువ్వులు, గుప్పెడున్నర.
గోంగూరకి వేలువిడిచిన చెల్లెళ్లు అవి,
వేణ్నీళ్లు తగిలితే చాలు
పుట్టింటి పులుపు బయటపెడతాయి.

మరిగించి, వడగట్టి, పంచదార కలిపి
ఐసు ట్రేల్లో పోసి పడుకుంది.
వడగట్టిన గుడ్డ ఇంకా తీగ మీద ఉంది
గాయం కట్టు విప్పి ఆరేసినట్టు.

సాయంత్రం నెయ్ది వస్తుంది,
పెదనాన్న కూతురు, నోటరీ ఆఫీసులో గుమాస్తా.
రెండేళ్ల కిందటి జ్వరం
పోతూ పోతూ ఆమె ముక్కులోంచి
వాసనలన్నీ మూటగట్టుకు పోయింది.
అప్పట్నుంచి చిక్కుళ్లు మాడినా తెలియదు,
గ్యాసు లీకైనా తెలియదు,
తొలకరి పడిందని కిటికీ చూసి తెలుసుకుంటుంది.
చుట్టాలు పువ్వులు పట్టుకొచ్చి
ముక్కు కింద పెట్టి
"ఇప్పుడో?" అంటారు,
కళ్ల డాక్టరు అక్షరాలు చదివించినట్టు.
లేదని చెప్పీ చెప్పీ
ఈమధ్య ఉందనేస్తోంది. మర్యాదకి.

మరి ఆమెకి పువ్వుల మందెందుకు?
మన మాటలో మందుకి రెండర్థాలు.
సుయెమికి ఆ సౌకర్యం లేదు.
నెయ్దియే అడిగింది ఫోన్లో:
"ఎండ చంపేస్తోంది. చల్లగా ఏదైనా చెయ్యి.
వాసన సంగతి నాకొదిలెయ్యి."

ష్తబెంతున్ సీసా.
పేరు పలకడానికే నాలుక
పళ్ల వెనక కాసేపు నిలబడాలి.
తెల్ల తీగపువ్వు తేనె, సోంపు
ఒకదాన్నొకటి పట్టుకుని దిగే మత్తు.
మూత తియ్యగానే వంటిల్లంతా సోంపు పరుచుకుంది.
సుయెమి చటుక్కున మూత పెట్టేసింది,
ఉపవాసం ఉన్న మనిషి ఎదుట
అన్నం కలుపుకున్నట్టు సిగ్గేసి.

"పొయ్యవే," అంది నెయ్ది
గడప దగ్గర చెప్పులు విడుస్తూ.

ఎర్ర ఐసు ముక్కలు, రెండు పచ్చనిమ్మకాయల రసం,
సీసాలోది చెయ్యి వణికినంత.
మిక్సీ రెండు తిప్పులు తిప్పిందో లేదో
కరెంటు పోయింది.
ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా లెక్కకొచ్చాయి.
వీధి వీధంతా ఒక్కటే మూలుగు.

జారులో
వెన్నలా ఉండాల్సింది
గులకరాళ్లలా ఉంది.
గరిటెతో పొడవబోతే
"ఉండు, అలాగే ఇయ్యి," అంది నెయ్ది.
గ్లాసు అంచుకి ఉప్పు అద్ది, పోసి,
జారు అలవాటుగా దాని పీట మీదే పెట్టేసింది సుయెమి.

మొదటి గుక్క చీకట్లో వినిపించింది.
కరకర.
ఇసకలో నడిచినట్టు, కాదు,
ఎండు నేల మీద వడగళ్లు పడ్డట్టు.
చప్పుడు దవడ ఎముకలోంచి నేరుగా చెవిలోకెక్కింది.
పులుపు చెంపల వెనక గిల్లింది.
చలి నుదుట్లో మేకు దిగ్గొట్టింది.
నెయ్ది తల పట్టుకుని
అబ్బా అంటూ నవ్వింది,
మళ్లీ తాగి మళ్లీ తల పట్టుకుంది.

ఇప్పుడో, అని సుయెమి అడగలేదు.

చీకటే కదా, ఎవరు చూడొచ్చారని
రెండు వేళ్లతో ముక్కు మూసుకుని
తన గ్లాసు ఎత్తింది.
సోంపు లేదు. తేనె లేదు. పువ్వు లేనే లేదు.
పులుపొక్కటే, ఉప్పొక్కటే,
పంటి కింద పగిలే ఎరుపు.
ఇంతేనా అనిపించింది.
ఇంకో గుక్క తాగాక
ఇంతుందా అనిపించింది.
వేళ్లు తియ్యడం మరిచిపోయింది.

అప్పుడు కరెంటొచ్చింది.
స్విచ్చి వేసే ఉంది,
మూత బల్ల మీద ఉంది,
జారు అడుగున మిగిలిందంతా
గోడకీ, క్యాలెండరుకీ,
నెయ్ది ఆఫీసు తెల్ల చొక్కాకీ.

ఇద్దరూ ఒకేసారి కెవ్వుమన్నారు.
ముక్కు మూసుకునే ఉన్న సుయెమి కేక
బాతు అరుపులా వచ్చింది.
నెయ్ది ఆ వేళ్లకేసి చూసింది,
ఏమీ అనలేదు.
చొక్కా మీది ఎరుపుని గోటితో గీరి
నోట్లో పెట్టుకుని
"ఇది వదిలే రకం కాదు," అంది.
గ్లాసు ముందుకి తోసింది.