విన్న పులుసు

మసాలా లేదు. తిరగవాత లేదు. కారప్పొడి అసలే లేదు.
"ఇంక దీన్ని కూరంటారా, నాంచారీ?"
మా వదిన చెంగు నోటికడ్డం పెట్టుకొని నగుతాండాది.
నగనీ.
నేను మేరీవిక్ చెప్పినట్టే చేస్తాండా.

ముందు నీళ్లలో మాంసం. కొవ్వూ ఎముకా ఉండే పక్కటి తుంటలు.
తొలి పొంగుకు తేలే మురికి నురగను
గంటెతో తీసి పారెయ్యాల,
మేడమ్ మాటల్ని లోపలికి పోనీకుండా పారేసినట్టు.
ఉల్లిగడ్డ రెండు చెక్కలు. టమేటాలు నాలుగు.
చేమగడ్డలు, కరిగి పులుసు చిక్కబడేదాకా.
తర్వాతనే పులుపు.

ఆ పులుపు కాడ్నే మేం కలిసింది.

సాల్మియాలో ఒక వంటిల్లు.
ఆమె "సంపలోక్" అనె. నేను "చింతపండు" అంటి.
ఇద్దరికీ అర్థం కాలే.
అలమరలో నుంచి నల్లటి ముద్ద తీసి చూపించె.
పొట్లం మీది అరబ్బీ అక్షరాలు డ్రైవరు చదివి చెప్పె:
తమర్ హిందీ. ఇండియా ఖర్జూరమంట.
ఎవురు పెట్టినారో మా చింతకు ఆ పేరు,
ఆ ఎడారికి తెలిసిన పండు అదొక్కటే కాబోలు.

చిటికెడు నాలిక మీద పెట్టుకొని
ఒక కన్ను మూసె మేరీవిక్. "మాఅసిమ్" అనె.
వాళ్లూర్లో వాళ్లమ్మ దీన్ని మాంసంలో వేస్తుందంట.
ఏం మాంసమో నోటితో అనలే,
వేలితో ముక్కును పైకెత్తి చూపించె.

ఆ దేశంలో దాని పేరే తప్పు.
నాకది కొత్త గాదు.
కమలాపురం బడిలో పిల్లోళ్లు
నన్ను చూసి ముక్కులు అట్లనే పైకెత్తుతాండ్రి.
మా నాయన పాపాఘ్ని ఒడ్డున పందుల్ని మేపుతాండె,
మా అమ్మ ఈతబుట్టలల్లి అమ్ముతాండె.
బుట్టలు కొంటాండ్రి.
మా కడవలో నీళ్లు మాత్రం తాగేవాళ్లు గాదు.
రెండేండ్లు ఆ కువైటు ఇంట్లో
మా నాయన పని ఏందో నోరిప్పలే నేను.

ఆ వేలు చూసి భయపడితి,
ఈమెకెవురు చెప్పినారో అని.
చూస్తే ఆమె కండ్లల్లో నీళ్లు.
పండగ గురించి చెప్తాంది. వాన కురిసే పొద్దు గురించి.
చెల్లెలి పెండ్లి గురించి.
నా జన్మలో మొదటిసారి
మా నాయన మేపిన జీవాన్ని
ఒకరు తలుచుకొని ఏడుస్తాండారు.

అబ్బుడు చెప్పినా.
మా ఇంట్లో పదైదు ఉండాయని, చేతి వేళ్లతో లెక్కబెట్టి.
పాలెగాని కూతుర్ని చూసినట్టు చూసె నన్ను.

రాత్రిళ్లు గిన్నెలు తోముతా వండుతాంటిమి దాన్ని,
పొయ్యి లేకుండా, మాంసం లేకుండా, సగం అరబ్బీతో.
ముల్లంగి ఎంత మందం కొయ్యాల, బెండకాయ ఎబ్బుడెయ్యాల.
ఒకటి మర్చిపోతే మళ్లీ మొదట్నించి.
చివర్లో ఒక ఆకుకూరంట, నీళ్లలో పెరిగేది, బోలు కాడలది.
సబ్బు నురగలో వేలితో గీసి చూపించె.
నాకు తెలుసు దాన్ని. తూటికూర.
మా నాయన కోసకొచ్చి పందులకేసేది.

ఈ పొద్దు అదే వంకలో
మోకాళ్లదాకా దిగి కోసకొచ్చినా.
పచ్చి చింతకాయలు ఉడకబెట్టి, పిసికి, వడగట్టినా.
పచ్చిమిరక్కాయలు నాలుగు, చీల్చకుండా.

సంగటి ముద్దలో గుంత చేసి వదినకు పోస్తి.
ఊదుకుంటా ఒక గుక్క తాగె.
ఏమీ అనలే. గిన్నె నా దిక్కు జరిపె.
మా తమ్ముడు గురవడు మాత్రం కారం డబ్బా దించుకొచ్చి
ఎర్రగా జల్లుకొని తినె. వాని ఇష్టం.

నేనింకా తినలే.
గంటె పట్టుకొని పొయ్యి కాడ్నే నిలబడినా.
దీన్ని నేనెబ్బుడూ తిన్లేదు గదా, విన్నానంతే.
సరిగ్గా కుదిరిందో లేదో చెప్పగలిగే నాలిక
ఇబ్బుడు ఏ ఊరి వంటింట్లో ఉందో,
ఆ నంబరు పలకడం లేదు.
ఆమె చెప్పిన చేపల రసం ఈడ దొరకలే,
బదులుగా రాళ్లుప్పు వేసినా.
చాలిందో లేదో.
ఇంకో నాలుగు రాళ్లు వేసి
ఒక కన్ను మూసుకొని
రుచి చూస్తాండా.