మూయని కన్ను

సూర్యారావుపేటలో మా స్కానింగు గదికి కిటికీ లేదు.
పగలైనా లైటు ఆర్పేస్తాను.
చీకట్లో సలోమి ఎడమ కాలు
తోలు బిగిసి మెరుస్తోంది.
"జెల్లు చల్లగా ఉంటుందమ్మా" అన్నాను.
"మా షాపు ఏసీ కంటేనా" అంది.

ఎప్పుడూ గజ్జల్లోనే మొదలుపెడతాను.
తెర మీద పక్కపక్కనే రెండు నల్లటి గుండ్రాలు.
ప్రోబుతో నొక్కితే
ధమని మొండిది, అలాగే చూస్తుంది.
సిర కన్ను మూస్తుంది.
ఆ మాట మంచి కబురయ్యేది ఈ ఒక్క గదిలోనే.
అంగుళం దిగి మళ్ళీ నొక్కాను.
మూసింది.
మళ్ళీ అంగుళం.

తొడలో దీన్ని ఒకప్పుడు పుస్తకాల్లో
పైపై సిర అని రాసేవాళ్ళట,
ఉన్నదేమో కండల అడుగున.
పైదేగా అని ఆ పేరు నమ్మి
మందు రాయని డాక్టర్లూ ఉన్నారని
మా మేడం చెప్పేది.

ఇంకాస్త కింద అది దూరే సందుని కాలువ అంటారు.
మా ఊరి కాలువలకేం,
బ్యారేజీ దగ్గర తలుపులెత్తితే వాటంతటవే పల్లానికి పోతాయి.
ఇది మీదికెక్కే కాలువ.
లోపల ఉల్లిపొరంత తలుపులు,
ఎక్కిన నెత్తుర్ని జారనివ్వవు, అంతే.
ఎక్కించేది పిక్క.
పిక్క కదలాలంటే నాలుగడుగులు వేయాలి.

సలోమి బీసెంట్ రోడ్డులో చీరలు పరుస్తుంది.
పదకొండేళ్ళుగా, పొద్దున పదింటి నుంచి.
స్టూళ్ళు కొనేవాళ్ళకి.
"పరిగెత్తే పనైనా బాగుండేదండీ.
నిలబడ్డమే."

మోకాలి వెనక గుంట.
ఇక్కడ సిర మీదికొస్తుంది, ధమని దాని చాటుకి పోతుంది.
నొక్కాను.
మూయలేదు.
ఇంకాస్త నొక్కాను. "అబ్బా" అంది.
నల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగు,
పెరుగు తోడుకున్నట్టు.
పిక్కలో ఒక్కో ధమనికి రెండేసి సిరలు తోడు.
ఒకటి మూసింది.
ఒకటి చూస్తూనే ఉంది.

"బాగానే ఉందాండీ?"
"డాక్టరుగారు చెప్తారమ్మా."
ఇరవయ్యేళ్ళుగా నా జవాబు ఇదే,
ముఖం తెరవైపు తిప్పుకుని.
"నడవకు, కుర్చీ తెప్పిస్తా" అని మాత్రం
ఇవాళ అదనంగా అన్నాను.

లైటు వేసి, తలుపు దగ్గర వార్డుబాయ్‌ని కేకేసి వచ్చేసరికి
మంచం దిగి నిలబడి
దుప్పటి మడతపెడుతోంది.
అంచు పైకొచ్చేలా,
గిరాకీకి చూపించే మడత.
ఆ దుప్పటికి అంచే లేదు.

తర్వాతి పేషెంటు వచ్చేశాడు.
విప్పక తప్పలేదు.