పలచటి కవర్లు

జూలైలో వాగు మా పోస్టాఫీసును మోసుకుపోయింది.
ఇప్పుడు నవంబరు.
తూర్పు కెంటకీ కొండల్లో, చర్చి వెనక,
తెల్ల ట్రక్కులో కూర్చుని ఉత్తరాలు వేరుచేస్తాను.
వేళ్ళు లేని చేతితొడుగులు, ఒళ్ళో వేణ్ణీళ్ళ సీసా.
బ్రష్ ఫోర్క్ లోయలో నూటపదకొండు పెట్టెలుండేవి,
ముప్ఫైతొమ్మిది నిలబడి ఉన్నాయి.
మిగతావాళ్ళు ట్రక్కు దగ్గరికొచ్చి పేరు చెబుతారు,
నాకు తెలియనట్టు.

ఈ ఉద్యోగంలో పరాయి కవరు విప్పకూడదు.
విప్పక్కర్లేదు కూడా.
పలచగా ఉంటే, లేదని.
మందంగా ఉంటే, అడిగిందే మళ్ళీ అడుగుతున్నారని.
సరేనని చెప్పే కవరు ఎంత బరువుంటుందో
నా చేతికింకా తెలీదు.

ఓటా స్లోన్‌కి పలచటిది వచ్చింది.
ఇల్లు ఆమెదేనని రుజువు కావాలట.
రుజువు బీరువాలో ఉంది.
బీరువా ఇంట్లో ఉంది.
ఇల్లు కింది వంతెన దగ్గర పక్కకి ఒరిగి పడుకుంది,
వాకిలి ఆకాశంలోకి తెరుచుకుని.
"వచ్చి తలుపు కొట్టమను" అంది ఓటా,
"నిచ్చెన నేనిస్తాను."

రేడియోలో రాజధాని మాట్లాడుతూనే ఉంటుంది.
సాయం బిల్లుకి ఒకరు తోక కట్టారు,
తోక కోస్తేగానీ తల ముట్టమన్నారు ఇంకొకరు.
తర్వాత సెలవులు.
తర్వాత మళ్ళీ తోక.
వాళ్ళక్కడ నీళ్ళు నములుతున్నారు,
మేమిక్కడ తోడుతున్నాం,
నేలమాళిగలోంచి, బకెట్టుతో, నాలుగో నెల.

చెప్పకూడదనుకున్నాను గానీ చెబుతాను.
కొన్నేళ్ళ కిందట ఎక్కడో తూర్పు తీరాన్ని తుపాను ఊడ్చేసినప్పుడు
మా సభ్యుడు వాళ్ళ డబ్బుకి వద్దని ఓటేసి
ఇదే చర్చి మైదానంలో చేపల విందుకొచ్చాడు.
చప్పట్లు కొట్టాం.
నేనూ కొట్టాను, చేతికి మొక్కజొన్న రొట్టె ముక్కలంటుకుని.
"సముద్రం పక్కన ఎవరు కట్టుకోమన్నారు" అన్నాను కూడా,
పెద్దగానే, పక్కబల్ల వాళ్ళకి వినబడేలా.

పోయిన మంగళవారం రేడియోలో
ఆ తీరపు యాసతో ఒకావిడ లేచి
"వాగు పక్కన ఎవరు కట్టుకోమన్నారు" అంది.
ఇక్కడ కొండ నిలువుగా ఉంటుందని,
చదునైన నేలంటూ ఉంటే అది వాగు వదిలిందేనని
ఆమెకెవరు చెబుతారు.
నేనయితే ఎవర్ని అడిగాను అప్పుడు?
రేడియో కట్టేశాను. కాసేపటికి మళ్ళీ పెట్టాను,
వాతావరణం చెబుతారేమోనని.

హార్లిస్ నోబుల్ కిటికీలకు అద్దాల్లేవు.
ఎన్నికల అట్టలు కొట్టాడు.
ఎర్రవి తన గుమ్మం ముందు పాతుకున్నవే,
నీలివి వరదలో కొట్టుకొచ్చి కంచెకి తగులుకున్నవి,
పై ఊరివి, ఆ ఊరితో మాటలు మాని ఆరేళ్ళయింది.
"ఏది బాగా ఆపుతోంది చలిని?" అడిగాను.
చాలాసేపు ఆలోచించాడు.
"ఈ మూలది" అన్నాడు.
"దాని వెనక పరుపు ఆనించాను."

పొద్దున మంచుజల్లు పడింది.
బడిపిల్లలు గోడమీది బురదగీత దగ్గర నిలబడి
ఎవరు మునుగుతారో కొలుచుకుంటున్నారు.
అందరూ మునుగుతారు.
అయినా మునివేళ్ళమీద లేస్తున్నారు.

నా పేరుతోనూ ఒకటి వచ్చింది.
మూడు రోజులయింది, సీటు కింద ఉంది.
పలచన కాదు, మందం కాదు.
తూకంలో పెట్టి చూశాను.
ముల్లు కాస్త లేచి, ఊగి,
ఎటూ తేల్చకుండా ఆగింది.
కావాలంటే విప్పొచ్చు, ఇది నాదే.

రేపు విప్పుతాను.
ఈ పూటకి మడతపెట్టి
ట్రక్కు కిటికీ సందులో కుక్కాను,
గాలి కొడుతున్న చోట.