ఊట

నౌపడా ఉప్పుమడుల మనిషి
నా యంత్రం బల్ల మీద పడుకున్నాడు.
గుండు గీసిన తలకి ఎడమవైపు రెండు కుట్ల గీతలు,
కాలివేళ్ళ సందుల్లో ఇంకా తెల్లటి పొక్కులు.
"కదలకు దాలయ్యా" అన్నాను.
"కదల్డానికేటుందమ్మా" అన్నాడు.

మాఘంలో గట్టు మీద జారాడట,
పంపు గొట్టానికి తల తగిలిందట.
పసుపద్దుకుని పనిలోకి పోయాడు.
చైత్రం దాటాక
కుడికాలి చెప్పు తనకి తెలియకుండానే
దారిలో ఉండిపోయేది.
పార చేతిలో పట్టుకుని, దాని పేరు గుర్తురాక
"అదీ... అదే..." అంటూ మడిలో నిలబడిపోయేవాడు.
తాగొచ్చాడనుకుని మేస్త్రీ ఒకరోజు కూలి కోశాడు.

పుర్రెకీ మెదడుకీ నడుమ
రెండు నెలలు చుక్కచుక్కగా చేరిన నెత్తురు
మొన్న రెండు చిల్లుల్లోంచి బయటికొచ్చింది.
ఇంజనాయిలు రంగు, అన్నాడు థియేటర్ బాయ్.
ఇవాళ నేను చూడాల్సింది
ఖాళీ అయిన చోటు ఏం చేస్తోందో.

తెర మీద నెలవంక.
ముందువైపు నల్లగా గాలి;
వెల్లకిలా పడుకున్నాడు కదా, పైకి తేలింది.
వెనక మిగిలిన ద్రవం రెండు రంగులు,
పైన బూడిద, అడుగున పాలిపోయిన తెలుపు,
మధ్య గీత స్కేలు పెట్టి గీసినట్టు.
మెదడు ఇంకా తన చోటికి రాలేదు.
నడిమి రేఖ ఆరు మిల్లీమీటర్లు పక్కకి.

కొత్తగా పెట్టిన ప్రోగ్రాం
ఈ బూడిదలన్నీ లెక్కేసి ఒక అంకె ఇస్తుంది:
మళ్ళీ చేరే అవకాశం నూటికి ముప్పై ఒకటి.
పదో తరగతి లెక్కల్లో నాకొచ్చిన మార్కులూ అవే.

కూతురు నీలవేణి తలుపు పట్టుకుని నిలబడింది.
"మరల వస్తాదేటమ్మా?"
ముప్పై ఒకటిని శ్రీకాకుళం మాటల్లోకి
ఎలా మార్చాలో నాకెవరూ నేర్పలేదు.
రావచ్చంటే ఇప్పుడే ఏడుస్తుంది.
రాదంటే మళ్ళీ ఇటువైపు రాదు.

"నాకూ సూపించమ్మీ" అన్నాడు.
చక్రాల కుర్చీలోంచి మెడ చాచి
తన తలని, పక్కవాడి మడిని చూసినట్టు చూశాడు.
"అడుగున పేరింది. పైన తేట.
ఈ గోడ లోపలేపు సన్నంగా పొర కట్టినాది, సూడు.
ఊట ఆ పొరలోంచే."
చదువుకున్నప్పుడు నాకిది అరపేజీ పాఠం.

"అయితే నిండిపోద్దా నాయనా?"
"మడి కట్టినోడే సెప్పనేడు.
రోజూ గెడ్డెక్కి సూడాల."
గట్టు అనబోయి గెడ్డ అన్నాడు.
మేమెవరం సరిదిద్దలేదు.

డాక్టరమ్మ మూడు వారాలకి తేదీ వేసింది.
చీటీ వెనక నేను రాశాను:
తలనొప్పి ఎక్కువైనా, మాట తప్పినా, చెప్పు జారినా
తేదీ కోసం ఆగొద్దు, వచ్చెయ్యండి.
నీలవేణి చెప్పు దగ్గర వేలు పెట్టి
రెండుసార్లు చదువుకుంది.

మధ్యలో కాలం కాని వాన ఒకటి.
కుప్పపోసిన ఉప్పు సగం కరిగిపోయిందని
టీ కొట్టు దగ్గర ఎవరో అంటున్నారు.
ఆ వారమంతా
టెక్కలి బస్సు దిగేవాళ్ళ కాళ్ళకేసి చూశాను.

ఇరవై రెండో రోజు వచ్చారు.
రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి,
కుడిదానికి మడమ చుట్టూ కొత్త పురికొస.
నడక కుదిరిందో, జారకుండా కూతురే బిగించిందో
అడగలేదు.

బొమ్మలు కిందనుంచి వస్తాయి.
ముందు పుర్రె అడుగు, తర్వాత చెవుల ఎముక,
కళ్ళ గుంటలు.
ఒక్కొక్క ముక్కా పైకి తోస్తున్నాను.
నెలవంక ఉండే ఎత్తు ఇంకా రాలేదు.
అద్దం అవతల దాలయ్య
కదలకుండా పడుకున్నాడు,
నీళ్ళు ఆరేదాకా ఆగడం
ఎప్పుడో అలవాటైనవాడిలా.